వినిపించిన పాఠము, వినబడని జవాబు

రేడియోలో మాటలాడువారికి ఒక విచిత్రమైన అలవాటు కలుగును. ఎదుట ఎవరును ఉండరు. చప్పుడు మ్రింగివేయు పలకలు తాపిన నాలుగు గోడలు, ఒక బల్ల, బల్లమీద మైకు, ముందొక గాజుపలక, దాని కావల యంత్రములు చూచుకొను ఇంజనీరు. ఇంత ఏకాంతమున కూర్చుండి, లక్షమందితో మాటలాడుచున్నామని నమ్మవలెను. నమ్మని నాడు గొంతులో జీవముండదు. కొన్నియేండ్లు గడచునప్పటికి ఆ నమ్మకము ఎంత గట్టిపడునో చెప్పలేము. ఎవరును వినకున్నను విన్నట్లే, ఎవరును బదులు పలుకకున్నను పలికినట్లే తోచును. ఈ అలవాటు మూలమున మేము 2020వ సంవత్సరములో ఒక ఆరవ తరగతి బాలికచేత చీవాట్లు తిన్నాము. ఆ సంగతి చెప్పుటకే ఈ ప్రసంగము. అయితే అంతకు ముందు, ఆ యేడు మన పిల్లలు ఇండ్లలో ఎట్లు గడిపినారో కొంత తలచుకొనవలెను. కష్టము గడచిన వెంటనే మరచిపోవుట మనకు చాల సులభమైన విద్య.

2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ వ్యాధిని మహమ్మారిగా ప్రకటించినది. తెలంగాణములో మార్చి 16 నుండి, ఆంధ్రప్రదేశములో 19 నుండి బడులు మూసినారు. 25 నుండి దేశమంతట లాక్‌డౌను వచ్చినది. బడి మూసిన మొదటి దినములలో పిల్లలు సంతోషించినారనుట దాచవలసిన సత్యము కాదు. వేసవి సెలవులు ముందుగా వచ్చినవనుకొన్నారు. హాస్టళ్ళలో పెట్టెలకు తాళములు వేసి, నోటు పుస్తకములు దిండ్లక్రింద వదలి, పది దినములలో తిరిగి వత్తుమని బస్సు లెక్కినారు. ఆ పది దినములు ఎంత పొడవైనవో చూడుడు. ఆంధ్రప్రదేశములో తొమ్మిది, పది తరగతులవారికి మరల గంట మ్రోగినది నవంబరు 2న. తెలంగాణములో 2021 ఫిబ్రవరి 1న. ఆ తెరచినవియు నిలువలేదు. రెండవ ఉధృతి వచ్చి, తెలంగాణములో మార్చి 24న, ఆంధ్రప్రదేశములో తొమ్మిదవ తరగతి వరకు ఏప్రిల్ 20న, మరల తలుపులు పడినవి. ఆంధ్రప్రదేశములో ఆగష్టు 16 వరకు, తెలంగాణములో సెప్టెంబరు 1 వరకు అవి తెరుచుకొనలేదు. తెలంగాణములో 2020 జూనులో ఒకటవ తరగతిలో కూర్చుండవలసిన బిడ్డ, రెండవ తరగతి పిల్లవాడై మొట్టమొదటిసారి తరగతి గడప త్రొక్కినాడు. అక్షరములు దిద్దించవలసిన యేడు అంతయు వాని ఇంటనే గడచినది.

పదవ తరగతివారి కథ మరియొక తీరు. తెలంగాణములో ఆ పరీక్షలు మార్చి 19న ఆరంభమై, మూడు పరీక్షలు జరిగి ఆగిపోయినవి. జూను 8న మిగిలినవి రద్దుచేసి, బడిలో అంతకు ముందు వచ్చిన మార్కులనుబట్టి 5 లక్షల 34 వేలకు పైబడిన విద్యార్థులను ఉత్తీర్ణులని ప్రకటించినారు. ఆంధ్రప్రదేశములోను అదే జూను 20న పరీక్షలు రద్దయినవి. అక్కడి పిల్లలు ఆరు లక్షలకు పైమాటే. ఈ నిర్ణయమును మేము తప్పు పట్టము. అయితే దాని తరువాత జరిగినదానిని పట్టవలసియున్నది. ఆ పిల్లలను ఊరంతయు "కరోనా బ్యాచి" అని పిలిచినది. పెండ్లిపందిరిలో, కిరాణా కొట్టుముందు, బంధువుల ఇంట, "ఊరికే పాసయినవాడవు గదా!" అని నవ్వినారు. పదునైదేండ్ల పిల్లవాడు ఏడాది పొడవున తెల్లవారుజామున లేచి చదివి, తన కష్టమును చూపించుటకు ఒక కాగితమైనను దొరకక, ఆ నవ్వును భరించినాడు. వ్రాయనిమ్మని అడిగినవారును ఉన్నారు. పరీక్ష అనగా భయమనియే మనము తలచెదము. పరీక్ష అనగా ఒకరు మన జవాబును చదువుదురను హామీ కూడ అని ఆ యేడు మాకు తోచినది.

ఇక ఇల్లు. మన ఇండ్లు పిల్లలు పరుండుటకు, తినుటకు, ఆడుటకు సరిపోవునేమో గాని, చదువుటకు కట్టినవి కావు. బడిలో పిల్లవానికి బల్లమీద జానెడు చోటున్నది. ఆ జానెడు వానిది. ఇంట ఏ మూలయు వానిది కాదు. ఒక గదిలో తాతగారి దగ్గు, రెండవ గదిలో కుక్కరు కూత, వాకిట పనిలేక కూర్చున్న తండ్రి మౌనము. పని పోయిన తండ్రి మౌనము ఎంత పెద్ద శబ్దమో ఆ పిల్లల నడుగవలెను. ఆడపిల్ల అయినచో పాఠము జరుగుచుండగనే "ఒక్కసారి ఇటు రా" అను పిలుపు వచ్చును. ఆ ఒక్కసారికి అంట్లు తోముట, తమ్ముని ఎత్తుకొనుట, నీళ్ళు మోయుట అన్నియు లోబడినవే. పల్లెలలో నాట్లకు, కలుపులకు, మిరపకోతకు పోయిన పిల్లలు లేకపోలేదు. పోయిన పిల్ల కూలి తెచ్చినది, తెచ్చిన కూలి ఇంట అవసరమైనది, అవసరమైన పిమ్మట బడి తెరచినను ఆ పిల్లను పంపుట కష్టమైనది. బడిలో దొరకు మధ్యాహ్న భోజనము ఆగిపోయినప్పుడు ఆంధ్రప్రదేశములో బియ్యము, కోడిగ్రుడ్లు, చిక్కీలు ఇండ్లకు పంచినారు. అది మంచిపని. కాని పంచిన గ్రుడ్లు ఇంటిల్లిపాది గ్రుడ్లగునే గాని బిడ్డవి కావని తల్లులకు తెలియును.

ఫోను సంగతి అందరెరిగినదే. అయినను ఒక లెక్క చెప్పెదము. గ్రామీణ విద్యను గూర్చి యేటేట పరిశీలన జరుపు 'అసర్' వారు, బడి పిల్లలున్న ఇండ్లలో 2018లో స్మార్టుఫోను గలవి నూటికి 36.5 అనియు, 2021లో 67.6 అనియు తేల్చినారు. మూడేండ్లలో ఇంచుమించు రెట్టింపు! అప్పుచేసి, గొలుసు కుదువబెట్టి కొన్న ఫోనులు వీనిలో ఎన్నియో. అయితే అదే పరిశీలనలో ఇంకొక అంకె ఉన్నది. ఇంట ఫోనున్నను, అది చేతికి రాని పిల్లలు నూటికి 26 మంది. ఫోను తండ్రితోపాటు పనికి పోవును. లేదా అన్నగారి పోటీపరీక్షకు పోవును. మిగిలినచో చెల్లెలికి వచ్చును. ఏజెన్సీ ప్రాంతములలో సిగ్నలు కొరకు గుట్టలెక్కిన విద్యార్థులను పత్రికలవారు ఫొటోలు తీసి వేసినారు. చూచి మెచ్చుకొన్నాము. ఎండలో గుట్టమీద గొడుగు పట్టుకొని రసాయనశాస్త్రము వినుట మెచ్చుకొనదగిన పట్టుదలయే. అట్లు వినవలసివచ్చుట మెచ్చుకొనదగినది కాదు.

ఆ దినములలో విద్యార్థులకు న్యూటను కథ చెప్పని పెద్దమనిషి లేడు. 1665లో ప్లేగు వచ్చి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము మూతపడగా, న్యూటను తన ఊరైన వూల్‌స్థార్పునకు పోయి, ఇంట కూర్చుండి గణితమునందును, కాంతిశాస్త్రమునందును మహాకార్యములు సాధించినాడు గదా, నీవేమి సాధించితివి అని! మేమును ఒక ప్రసంగములో ఈ మాట అన్నాము, ఇప్పుడు సిగ్గుపడుచున్నాము. న్యూటను అప్పటికే పట్టము పుచ్చుకొన్నవాడు, ఇరువది రెండేండ్లు నిండినవాడు. తల్లిగారిది సేద్యము గల ఇల్లు. మారుతండ్రి వదలిపోయిన పెద్ద తెల్లకాగితముల పుస్తకము ఒకటి లెక్కలు వ్రాసుకొనుటకు చేతిలో ఉన్నది. వ్రాసుకొనుటకు చోటును, ఎవరును పిలువని పగళ్ళును ఉన్నవానితో, తొమ్మిదవ తరగతిలో బీజగణితము అప్పుడే మొదలిడిన పిల్లను పోల్చుట న్యాయము కాదు. ఆమెకు కావలసినది ఏకాంతము కాదు. అది ఆమెకు కావలసినదానికన్న ఎక్కువే దొరకినది.

పాఠములను ఇండ్లకు పంపుటకు ప్రభుత్వములు పూనుకొన్నవి. తెలంగాణములో 2020 సెప్టెంబరు 1 నుండి మూడవ తరగతి మొదలు పదవ తరగతి వరకు దూరదర్శన్ యాదగిరి ద్వారాను, టీ-శాట్ ద్వారాను పాఠములు చూపినారు. ఆంధ్రప్రదేశములో దూరదర్శన్ సప్తగిరిలో ఇంతకు ముందే ఆరంభమైనవి. దేశములో పలుచోట్ల రేడియో కేంద్రములును పాఠములు వినిపించినవి. మా కేంద్రము కూడ ఆ పని చేసినది. రేడియోకు ఒక అర్హత ఉన్నది. డేటా అక్కరలేదు, కరెంటు పోయినను బ్యాటరీతో పలుకును, పశువులు కాయుచు వినవచ్చును. "ఇదిగో, మన కాలము మరల వచ్చినది" అని మేము లోలోపల కొంత గర్వించినాము కూడ.

మా స్టూడియోకు లెక్కలు చెప్పుటకు వచ్చిన మాస్టారు ముప్పది యేండ్లు బడిలో పనిచేసి, పదవీ విరమణకు దగ్గరపడినవారు. చేతిలో పోలీసువారి అనుమతి కాగితము, ముఖమునకు గుడ్డ, సంచిలో రెండు సుద్దముక్కలు. సుద్దముక్క లెందుకని అడిగినాము. "ఏమో, చేతిలో లేనిదే నోరు రాదు" అన్నారు. ఎర్రదీపము వెలిగినది. మాస్టారు రెండు వాక్యములు చెప్పి ఆగిపోయినారు. మరల మొదలిడినారు, మరల ఆగినారు. మూడవసారి ఆగి, "ఎవరికి చెప్పమందురండీ?" అని అడిగినారు. మైకు ముందర ఇట్టి బెదురు క్రొత్తవారికి సహజమేనని మేము ఊరడించినాము. అది బెదురు కాదు. ముప్పది యేండ్లుగా ఆయన నలుబది ముఖములను చూచుచు, ఏ ముఖము ముడుచుకొన్నదో గమనించి దానినిబట్టి ముందునకో వెనుకకో అడుగు వేసిన మనిషి. ముఖములు తీసివేయగా ఆయనకు దారి కనబడలేదు.

ఉపాయము మా కాపలాదారుని కూతురి వలన దొరకినది. వారు కేంద్రము ఆవరణలోనే కాపురముండువారు. ఆ పిల్ల ఒకనాడు గాజుపలక కావల ఇంజనీరు ప్రక్కన నిలుచుండి వినుచుండగా మాస్టారు చూచినారు. ఆనాటి పాఠము ఒక్క తప్పు లేకుండ సాగిపోయినది. మధ్యలో ఒకచోట మాస్టారు చెప్పినదే మరల చెప్పినారు, మరికొంత మెల్లగా. వ్రాతప్రతిలో ఆ పునరుక్తి లేదు. తరువాత అడుగగా, "ఆ పిల్ల కనుబొమ్మలు కలిసినవి" అన్నారు. మరునాటినుండి ఆ పిల్లకు గాజుపలక కావల ఒక కుర్చీ వేయించినాము. ఇంతవరకు బాగుగనే ఉన్నది.

ఇప్పుడు మా తప్పు చెప్పవలెను. పాఠములో పిల్లలు పాల్గొనవలెనని, నడుమనడుమ ప్రశ్న వేసి, ఐదారు క్షణములు ఆగి, "శభాష్! సరిగ్గా చెప్పారు" అని తరువాత జవాబు చెప్పవలెనని మేమే ఏర్పాటు చేసినాము. పిల్లలకు ఉత్సాహముగా ఉండునని మా ఉద్దేశము. మాస్టారికి ఇది మింగుడుపడలేదు. "చెప్పినదెవరో తెలియకుండ శభాష్ ఎవరిననవలెను?" అన్నారు. రేడియో పద్ధతి ఇట్లే ఉండునని మేము నచ్చజెప్పినాము. ఆయన పెద్దమనిషి గనుక ఒప్పుకొన్నారు.

మూడవ వారములో ఒక పోస్టుకార్డు వచ్చినది. అర్ధరూపాయి కార్డు. పెన్సిలుతో గీతలు గీసి, ఆ గీతలమీద సిరాతో వ్రాసిన అక్షరములు. ఆ పిల్ల పేరు చెప్పము. మాటలు మాత్రము ఆమెవే.

"మాస్టారికి నమస్కారం. నేను ఆరో తరగతి. సగం, మూడో వంతు కలిపితే ఎంత అని అడిగారు. నేను రెండు అయిదో వంతులు అన్నాను. మా తమ్ముడు ఏమీ అనలేదు. వాడు మూడో తరగతి. మీరు ఇద్దరికీ శభాష్ అన్నారు. తర్వాత జవాబు అయిదు ఆరో వంతులు అన్నారు. మరి నాకు శభాష్ ఎందుకు అన్నారు? రేపటినుంచి నేను పలకను. ఊరికే వింటాను."

మాస్టారు ఆ కార్డును రెండుసార్లు చదివి చొక్కాజేబులో పెట్టుకొన్నారు. మమ్ము ఒక్కమాటయు అనలేదు. అనినచో బాగుండెడిది. ఇరువది యేండ్లకు దగ్గరగా ఈ వృత్తిలో ఉండి, వినిపించుట యెట్లో నేర్చినాము గాని, వినుట అను పని ఒకటి ఉన్నదని ఆ కార్డు వచ్చువరకు తలచలేదు. ఆ "ఊరికే వింటాను" అను మాట మమ్ము చాల దినములు వెంటాడినది. ఎన్ని వేల ఇండ్లలో ఎందరు పిల్లలు ఆ యేడు ఫోను ముందర, టెలివిజను ముందర, రేడియో ముందర ఊరికే వినువారై కూర్చున్నారో! ఆన్‌లైను తరగతులలో మైకు మూసి, ముఖము కనబడకుండ తెర చీకటి చేసి, పేరుమాత్రము వెలుగుచుండగా కళాశాల విద్యార్థులు గడపిన గంటలును అట్టివే. అధ్యాపకుడు "అర్థమైనదా?" అని అడుగును, యాబది చీకటి గడులనుండి నిశ్శబ్దము బదులు వచ్చును. ఆయన దానిని ఔననియే గ్రహించి ముందునకు పోవును. మా శభాష్‌కును దీనికిని భేదమేమున్నది?

ఆ కార్డు వచ్చిన పిమ్మట మాకొక జిజ్ఞాస కలిగినది. మనకు ముందు ఈ పనిచేసినవారు జవాబు సంగతి యేమి చేసినారు? వెదుకగా, రేడియో చరిత్రలో ఒక అధ్యాయము దొరకినది.

1937వ సంవత్సరము. అమెరికాలోని షికాగో నగరము. వేసవి చివర పోలియో వ్యాపించినది. దానికి టీకా అప్పటికి లేదు. సాల్కు టీకా 1955లో గాని రాలేదు. పిల్లలనే ముఖ్యముగా పట్టి కాళ్ళు చచ్చుబరచు రోగమగుటచే, సెప్టెంబరు మొదట తెరవవలసిన బడులను తెరవలేదు. ఇక్కడ ఒక విశేషము. అదే నగరము 1918లో ఇన్‌ఫ్లుయెంజా విజృంభించినప్పుడు బడులు మూయలేదు. ఇరుకు ఇండ్లలోకన్న వైద్యుల కంటిముందు బడిలోనే పిల్లలు క్షేమముగా ఉందురని ఆనాటి అధికారుల వాదము. ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క నీతి! పోలియో నాడు ఆ వాదము చెల్లలేదు. అప్పుడు విద్యాధికారి విలియం జాన్సను పర్యవేక్షణమున రేడియో బడి ఏర్పడినది. నగరములోని ఆరు రేడియో కేంద్రములు తమ కాలమును ఉచితముగా ఇచ్చినవి. మూడవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల 3 లక్షల 15 వేలమంది పిల్లలకు పావుగంట పాఠములు. సోమ బుధ శుక్రవారములలో సాంఘికశాస్త్రము, విజ్ఞానశాస్త్రము. మంగళ గురు శనివారములలో ఇంగ్లీషు, గణితము. ఏ పాఠము ఏ కేంద్రమునుండి ఏ గంటకు వచ్చునో, దానికి ఏ ప్రశ్నలకు జవాబులు వ్రాసుకొనవలెనో, నాటి ఉదయపు పత్రికలలో అచ్చువేసినారు.

ఇదంతయు మనము చేసినదే, లేదా చేయగలిగినదే. వారు చేసిన వేరొక పని మాకు ముఖ్యముగా తోచినది. విద్యాకార్యాలయములో టెలిఫోనుల ముందర పదునారుగురు ఉపాధ్యాయులను కూర్చుండబెట్టినారు. పాఠము వినిన పిల్లలుగాని తల్లిదండ్రులుగాని పిలిచి సందేహము లడుగవచ్చును. మొదటినాడే వేయికి పైగా పిలుపులు వచ్చినవి. పదునారుగురు చాలక మరి అయిదుగురిని వేసినారు. ఇంటింట టెలిఫోను లేని కాలము. అయినను వేయిమంది పిలిచినారు.

ఆ బడిలో లోపములు లేకపోలేదు. రేడియో లేని పేదఇండ్లు ఉన్నవి. కొన్ని వాడలలో శబ్దము సరిగా అందలేదు. పాఠములు మరీ వేగముగా పోవుచున్నవని ఫిర్యాదులు వచ్చినవి. వెనుకబడిన పిల్లలు ఇంకను వెనుకబడిరని ఉపాధ్యాయులే అన్నారు. నెల తిరుగకుండనే బడులు తెరచినారు, ప్రయోగము ముగిసినది. మూడువారములలో వారికి తోచిన టెలిఫోను, ఎనుబది మూడేండ్ల తరువాత, ప్రతి జేబులోను ఒక ఫోనున్న కాలమున మాకు తోచకపోవుట మా తెలివితేటలకు నిదర్శనము.

తోచిన తరువాతనైనను ఏమి చేసినారని మీరడుగవచ్చును. ఒక ఫోను, సాయంకాలము ఒక గంట, ఒక ఉపాధ్యాయుడు. ఇంతే కావలసినదని పై కార్యాలయమునకు వ్రాసినాము. ఆ గంటకు ఉపాధ్యాయునికి ఇవ్వవలసిన రుసుము ఏ పద్దుక్రింద వేయవలెనో తెలుపుడని జాబు వచ్చినది. తెలిపినాము. ఇంకొక జాబు వచ్చినది. దానికిని తెలిపినాము. అనుమతి వచ్చునప్పటికి పై తరగతులకు బడులు తెరచినారు. ఆ కాగితము మా దస్త్రములో భద్రముగా ఉన్నది.

మా కన్న చురుకైనవారు లేకపోలేదు. జార్ఖండు రాష్ట్రమున దుమ్కా జిల్లాలోని ఒక పల్లెలో బడిపిల్లలలో రెండువందలకు పైగా మందికి ఫోనులు లేవు. అక్కడి ఉపాధ్యాయులు చెట్లకును, గోడలకును లౌడుస్పీకర్లు కట్టి, ప్రతిదినము రెండుగంటలు పాఠములు చెప్పినారు. పిల్లలు దూరదూరముగా అరుగులమీద, చెట్లనీడను కూర్చుండి వినినారు. సందేహము కలిగిన పిల్ల, ఊరిలో ఎవరి చేతనో ఫోనున్నచో దానిద్వారా మాస్టారికి కబురు చేయును. మరునాడు మైకులో ఆ సందేహమునకు సమాధానము వచ్చును. మన ఊళ్ళలో మ్రొక్కుబళ్ళకును, ఎన్నికలకును వాడు మైకు అది. ఎవరి అనుమతికిని వేచియుండక వారు చేసిన ఈ పనిని చూచి మేము కొంత అసూయపడినాము.

మాకు చేతనైనది చిన్నపని. శభాష్‌ను తీసివేసినాము. దాని స్థానమున ఏమి పెట్టవలెనో మాస్టారే చెప్పినారు. ప్రశ్న వేసి ఆగిన తరువాత, సరియైన జవాబునకు ముందు, పిల్లలు సాధారణముగా చెప్పు తప్పు జవాబును ఎత్తుకొనవలెను. ముప్పది యేండ్లలో ఆయన వినిన తప్పులన్నియు ఆయనకు కంఠస్థము. ఏ లెక్కకు ఏ తప్పు వచ్చునో వరుసగా చెప్పగలరు. ఆ పాఠమును మరల చేసినాము. "సగము, మూడవ వంతు కలిపితే ఎంత? మీలో కొందరు రెండు అయిదో వంతులు అని ఉంటారు. పైవి రెండూ కలిపారు, క్రిందివి రెండూ కలిపారు. మంచిది. ఇప్పుడు ఒక అట్టు తీసుకోండి. సగం మీ దగ్గర ఉంది. ఇంకొక ముక్క వేశాను. వేసిన తర్వాత మీ దగ్గర ఉన్నది సగం కంటె పెరగాలా, తగ్గాలా? రెండు అయిదో వంతులు సగం కంటె ఎక్కువా, తక్కువా?" ఇచ్చట ఆగినారు. వ్రాతప్రతిలో ఐదు క్షణములని ఉన్నది. మాస్టారు పండ్రెండు క్షణములు ఆగినారు. రేడియోలో పండ్రెండు క్షణముల నిశ్శబ్దము మహాపరాధము. ఇంజనీరు చేయి మీటమీదికి పోయినది. గాజుపలక కావల కాపలాదారుని కూతురు వ్రేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకొనుచున్నది. ఆమె తలయెత్తి "తక్కువ" అనుట పెదవుల కదలికలో మాకు కనబడినది. అప్పుడు మాస్టారు ముందునకు సాగినారు.

పాఠమునకు మొదట రెండు నిమిషములు కార్డులకు కేటాయించినాము. వచ్చిన తప్పులను, తప్పు వ్రాసినవారి పేరు చెప్పకుండ, మాస్టారు చదివి విప్పి చెప్పుదురు. మొదటివారము నాలుగు కార్డులు వచ్చినవి, తరువాత పదునొకండు, తరువాత ముప్పది. వీనిలో లెక్కలు కానివియు ఉన్నవి. "బడి ఎప్పుడు తెరుస్తారు?" అన్నవే సగము. ఒక తాతగారు, తన మనుమడు నెలదినములుగా ఇంట ఎవరితోను మాటలాడుట లేదనియు, పాఠము వచ్చునప్పుడు మాత్రము రేడియోతో మాటలాడుచున్నాడనియు, దీనికి సంతోషింపవలెనో భయపడవలెనో తెలియుట లేదనియు వ్రాసినారు. మాస్టారు ఆ కార్డును చదువలేదు. ఇంటికి తీసికొనిపోయి, తామే జాబు వ్రాసినారు. ఏమి వ్రాసినారో మేమడుగలేదు.

ఆ ఆరవ తరగతి బాలికకు మేము క్షమాపణ కోరుచు ఒక కార్డు వ్రాసినాము. బదులు రాలేదు. పలుకనన్నది గదా, అన్నమాట నిలుపుకొన్నదనుకొన్నాము. డిసెంబరులో ఆమెనుండి రెండవ కార్డు వచ్చినది. మాస్టారికి కాదు, మాకు.

"రేడియో వారికి. ఈ లెక్క మీరు చేయండి. మా ఇంట్లో ఫోను ఒకటే. నాన్న సాయంత్రం ఏడింటికి తెస్తాడు. పదింటికి తీసుకుంటాడు. అక్క ఇంటరు, దానికి సగం టైము. మిగిలింది నాకు, తమ్ముడికి, పిన్ని కూతురికి సమానం. ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు?"

మేము కాగితముమీద వేసి చూచినాము. మూడుగంటలు, అనగా 180 నిమిషములు. అందులో సగము 90. మూడుతో భాగింపగా 30. మాస్టారికి చూపకుండనే, నిస్సందేహముగా, జవాబు 30 అని వ్రాసి పంపినాము.

వారము తిరుగకుండ కార్డు వచ్చినది.

"తప్పు సార్. మధ్యలో నాన్నకి ఫోన్లు వస్తాయి గదా. మళ్ళీ చేయండి."